కసువులో లేచే తెల్లగొడుగు



చిత్త, స్వాతి కార్తెల వానలు నాలుగు పడితే చాలు, మన నెల్లూరు కోస్తాలో కసువు బీళ్లలోనూ, బడి ఆవరణలోనూ, బంగళాల ముందరి పచ్చికలోనూ తెల్లారేసరికి తెల్లని గొడుగులు లేచి వుంటాయి. ఒక్కొక్కచోట గుండ్రంగా వలయం కట్టినట్టు మొలుస్తాయి. చూస్తే నోరూరుతుంది.

మనవాళ్లు తినేదాన్ని పుట్టగొడుగు అనీ, తినకూడనిదాన్ని కుక్కగొడుగు అనీ అంటూ వచ్చారు. మొదటిది వట్టి పేరు కాదు. చెదలు పుట్టలో పెంచుకునే బూజునుంచే అది పైకి లేస్తుంది. ఆ బూజును గురించి 1779లోనే కోనిగ్ అనే శాస్త్రజ్ఞుడు వ్రాశాడు. మన నెల్లూరు ఆర్కాటు నవాబు ఏలుబడిలో వున్న కాలంలో ఆ నవాబు కొలువు చేసినవాడాయన. 1785లో కాకినాడవద్ద జగన్నాథపురంలో పోయాడు. పుట్టగొడుగు కాడ వేరులాగా చెదగూటి దాకా దిగి వుంటుంది.

పచ్చికలోనిది వేరే జాతి. దక్షిణ అమెరికాలోని గయానానుంచి వచ్చినదాన్ని 1818లో మేయర్ అనే జర్మను పండితుడు వర్ణించాడు. 1898లో ఇంగ్లండులోని క్యూ తోటకు చెందిన మాసీ దానికే మరొక పేరు పెడుతూ ‘తినదగినది’ అనే అర్థం వచ్చే లాటిను మాట తగిలించాడు! అంతటివాడే పొరబడితే మనమెంత? ఇప్పటి పేరు క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్. ఇది విషం. కొందరికి తిన్నా ఏమీ కాదు. అందుచేత “మా యింట్లో తిన్నాము” అన్న మాట సాక్ష్యం కాదు.

టోపీమీద గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం వుంటాయి. లేతలో అడుగు రేకులు తెల్లగానే వుండి మోసం చేస్తాయి. ముదిరాక ఆకుపచ్చగా మారుతాయి. టోపీ కోసి తెల్లకాగితంమీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా వుంచండి. పొద్దుటికి ఆకుపచ్చ పొడి రాలితే అదే యిది. అయితే పచ్చపొడి రాలనంత మాత్రాన మంచిదని కాదు సుమండీ, విషజాతులు యింకా వున్నవి. వెండికాసు నల్లబడటం, వెల్లుల్లి రంగు మారటం, మేక మేయటం, యివేవీ పరీక్షలు కావు. ఉడికిస్తే పోతుందని నమ్మకండి.

తిన్న గంట మొదలు మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లలు త్వరగా సొమ్మసిల్లుతారు. మరికొన్ని జాతుల విషం ఆరుగంటలు దాటాకగాని బయటపడదు, కాలేయాన్ని పాడుచేస్తుంది. కాబట్టి నాటువైద్యంతో పొద్దుపుచ్చక, కూరలో మిగిలిన ముక్కనో, పచ్చికలో మిగిలిన గొడుగునో కాగితంలో చుట్టుకొని, రోగితోపాటు ఆసుపత్రికి తీసుకుపోండి.