మూట మోసిన జంటలు: ఒకే అడవిలో రెండు ప్రయాణాలు



పోయిన భాగంలో వెట్టి గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ప్రయాణం గురించి.

ఆలుమగలు భుజాలకి సంచులు తగిలించుకుని పేద దేశాలు తిరగడం, అక్కడి పాత గాయాలను ఫోటోలు తీసుకోవడం ఇప్పుడు మామూలైంది. పాపికొండల పడవల్లోనూ అలాంటి జంటలు కనబడతాయి. పడవ పేరంటపల్లి దగ్గర ఆగుతుంది. గుడి చూస్తారు, కొండరెడ్లు చేసిన వెదురు పూలు కొంటారు, వెళ్లిపోతారు. వాళ్లని తప్పు పట్టడం లేదు. నా ప్రశ్న వేరు. ఈ అడవిలో ఒక జంట నడిస్తే అది యాత్ర. ఇంకో జంట నడిస్తే అది ఆక్రమణ. ఎందుకని?

మొదటి జంట హైమన్‌డార్ఫ్, బెట్టీ. ఆయన వియన్నాలో చదివిన మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలైనప్పుడు మన దేశంలో ఉన్నాడు. ఆస్ట్రియా అప్పటికే హిట్లర్ చేతిలోకి పోయింది కాబట్టి బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశస్తుడు. హైదరాబాద్ సంస్థానం దాటొద్దన్నారు. ఆ నిర్బంధమే ఆయన్ని మన అడవుల్లోకి తెచ్చింది. ముందు నల్లమల చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి గట్టున కొండరెడ్ల దగ్గరికి, ఆపైన ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లారు. బెట్టీ వెంటే నడిచింది, ఆ పనిలో పాలుపంచుకుంది.

అప్పుడు ఖమ్మం వరంగల్ జిల్లాలో భాగం. గోదావరికి ఇటు నైజాం, అటు భద్రాచలం వైపు బ్రిటిష్ మద్రాసు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. పోడు, పెళ్లి, దేవతలు మాత్రమే కాదు, కలప వ్యాపారుల చేతుల్లో ఆ మనుషులు ఎట్లా నలిగారో కూడా అందులో రాశాడు.

నేను మాదిగ బిడ్డను. ప్రయాణం అనగానే నాకు ముందు మూట గుర్తొస్తుంది. ఆ కాలంలో తాసిల్దారు వచ్చినా, అమీను వచ్చినా, సామాను మోసింది మాల మాదిగలు, కోయలు. కూలి లేదు, కాదనే వీలు లేదు. ఒకడి ప్రయాణం ఇంకొకడి వెట్టి. ఎవరి యాత్రా చరిత్ర చదివినా ఆ భుజాలను వెతకండి.

అయినా ఈ జంటను నేను గౌరవిస్తాను. చూసి పోలేదు కాబట్టి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ఒరిగాక నైజాం సర్కారుకి వణుకు పుట్టింది. ఆదివాసుల సంగతి తేల్చమని హైమన్‌డార్ఫ్‌ని పిలిచింది, తర్వాత సలహాదారుగా పెట్టుకుంది. ఆదిలాబాద్‌లో వేలమందికి పట్టాలొచ్చాయి. ఒక్కమాట మరవొద్దు: భూమి తెచ్చింది భీం రక్తం. ఆ రక్తానికి కాగితం మీద సాక్ష్యం పలికింది ఈ జంట. 1970ల చివర్లో మళ్లీ వచ్చి, ఆ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి ఎట్లా జారాయో చూశాడు. అదీ రాశాడు. 1982లో అచ్చైంది. బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలో సమాధి కట్టారు. గోండులు ఇప్పటికీ ఆమెను తలుచుకుంటారు.

ఇక రెండో జంట. దీనికి పేరు లేదు, ఎందుకంటే ఇది ఒక్క జంట కాదు. 2005 జూన్‌లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి. జనాన్ని క్యాంపుల్లోకి తోలారు. అటు జుడుం, ఇటు మావోయిస్టులు, మధ్యలో నలిగిన మురియా, కోయ కుటుంబాలు వేలల్లో అడవి దాటి ఖమ్మం, వరంగల్ వైపు వచ్చాయి. చంకన బిడ్డ, నెత్తిన మూట, చేతిలో కోడి. మనం వాళ్లకి గుత్తికోయలని పేరు పెట్టాం. మన మిర్చి కోతలకి వాళ్ల చేతులు కావాలి. వాళ్ల గుడిసెలు మాత్రం వద్దు.

చట్టం ఏం చెప్పింది? అటవీ హక్కుల చట్టం గడువు 2005 డిసెంబర్ 13. అంతకుముందు నుంచి సాగులో ఉంటేనే పట్టా. జుడుం మొదలై అప్పటికి ఆరు నెలలు. అంటే ఊరు కాలుతున్న ఏడాదే గేటు మూశారు. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీ అయినవాడు వాగు దాటితే ‘వలస’. సర్టిఫికెట్ లేదు, పోడు పట్టా లేదు. 2011 జూలైలో సుప్రీంకోర్టు జుడుం పేరున ఆదివాసీ యువకుల చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. తప్పు సర్కారుదని తేలింది, శిక్ష మాత్రం పారిపోయినోళ్లకే మిగిలింది.

‘వాళ్లు బయటివాళ్లు’ అంటారు. హద్దు చరిత్ర చూడండి. 1860లో నైజాం నుంచి బ్రిటిష్ చేతికి వెళ్లిన భద్రాచలం ప్రాంతం 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. బస్తర్ సంస్థానం కూడా దాని కిందే. తర్వాత మద్రాసు, 1959లో ఖమ్మం. 2014లో పోలవరం కోసం ముంపు మండలాలు ఆంధ్రకి వెళ్లాయి. గీత ఇన్నిసార్లు జరిగింది. గీత జరిగితే పరిపాలన, మనిషి జరిగితే నేరమా?

2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ అధికారి హత్య జరిగింది. అది ఘోరం. చేసినవాళ్లకి కోర్టు శిక్ష వేసింది. కానీ ఆ వెంటనే గూడెం మొత్తాన్ని వెళ్లగొట్టాలని తీర్మానం చేశారు. మనకిది కొత్తా? చుండూరులో సినిమాహాల్లో ఒక్కడి మీద మొదలైన తగాదాకి వాడ మొత్తాన్ని వెలేశారు. వెలి ఎట్లా ఉంటుందో తెలిసిన మనం ఇంకొకరి వెలికి మౌనంగా ఉంటే, అంబేద్కర్ ఫోటో పట్టుకునే హక్కు మనకుండదు.

దారి లేదా? ఉంది. 1997లో మిజోరం నుంచి త్రిపురకి పారిపోయిన బ్రూ ఆదివాసులకి 2020 జనవరి ఒప్పందంతో అక్కడే స్థలం, ఇల్లు ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకుంది. మన దగ్గర ఎందుకు కుదరదు? అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(ఎం), ఆ గడువుకి ముందు అక్రమంగా నిర్వాసితులైనవాళ్లకి బదులు భూమి అడిగే హక్కిచ్చింది. తర్వాత వచ్చినవాళ్లకి బ్రూ లాంటి ఒప్పందం కావాలి.

విద్యార్థి మిత్రులకి ఒక పని. సెలవుల్లో చర్ల, దుమ్ముగూడెం వైపు వెళ్లండి. మీ సంచి మీరే మోయండి. సెల్ఫీ కాదు, నోటు పుస్తకం తీయండి. ఏ ఊరు, ఏ ఏడు కాలింది, ఎంత భూమి పోయింది, ఇప్పుడెక్కడుంటున్నారు, వాళ్లు ఒప్పుకుంటేనే రాయండి. రాసింది మీ దగ్గర పెట్టుకోకుండా వాళ్ల చేతికివ్వండి. రేపు దరఖాస్తుకి అదే ఆధారం. తర్వాత మళ్లీ వెళ్లండి.

జై భీమ్. జోహార్ కొమురం భీం.