చివరి రీలులో మారే మనసులు

జాతివివక్ష చూపే పాత్ర సినిమా ముగిసేలోగా మంచివాడు కావాలా, అక్కరలేదా? ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి మా షాంటిలీ నుంచి ఎక్కువ దూరం వెళ్ళక్కరలేదు. ట్రాఫిక్ కరుణిస్తే అరగంటలో చేరే అలెగ్జాండ్రియాలోనే "రిమెంబర్ ది టైటన్స్" (2000) కథ జరిగింది. మన పిల్లల్లో చాలామంది ఈ సినిమా చూసే ఉంటారు.

1971లో ఆ ఊళ్ళో మూడు హైస్కూళ్ళని కలిపి పై తరగతుల వాళ్ళందరినీ టి.సి. విలియమ్స్ స్కూలుకి పంపారు. (2021లో దాని పేరు అలెగ్జాండ్రియా సిటీ హైస్కూలుగా మారింది.) నల్లజాతి కోచ్ హెర్మన్ బూన్ చేతికి వచ్చిన ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడాది ఒక్క ఆటా ఓడకుండా రాష్ట్ర ఛాంపియన్ అయింది. ఇంతవరకూ నిజం. సినిమావాళ్ళు దీనికి మసాలా బాగానే దట్టించారు. నిజానికి ఆ స్కూల్లో తెల్ల, నల్ల పిల్లలు అంతకు ముందునుంచే కలిసి చదువుతున్నారు. గెరీ బెర్టియర్ కారు ప్రమాదం కూడా సీజన్ ముగిశాక జరిగింది, ఫైనల్ ముందు కాదు.

సినిమాలో గెరీ మొదట నల్లవాళ్ళ పక్కన కూర్చోవడానికే ఇష్టపడడు. తర్వాత మారతాడు. ఆ మార్పుని నేను నమ్మడానికి కారణం అతను కన్నీళ్ళు పెట్టుకోవడం కాదు. నల్ల సహచరుడికి కావాలని అడ్డు కాయని తన తెల్ల స్నేహితుడు రేని జట్టులోంచి తీసేయమని తనే కోచ్‌ని అడుగుతాడు. ఆ మార్పుకి ఒక స్నేహం ఖర్చయింది. రే మాత్రం మారడు, సినిమా అతన్ని అలాగే వదిలేసింది. నాకైతే అదీ నచ్చింది.

మనవాళ్ళు ఈ పని ఇంతకంటే చాలా ముందే చేశారు. కులం, జాతి ఒకటి కావనుకోండి. అయినా తెరమీద మనసులు మార్చే పద్ధతి ఒకటే. గూడవల్లి రామబ్రహ్మం "మాలపిల్ల" (1938) సంగతే చూడండి. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. హరిజనుల్ని గుళ్ళోకి రానివ్వని సుందరరామశాస్త్రి చివర్లో మారిపోతాడు. ఎలా? ఇల్లు అంటుకుంటే ఆయన భార్యని ఒక హరిజనుడు కాపాడతాడు. ఆ రోజుల్లో ఇలాంటి సినిమా తీయడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు, ఆ గౌరవం తగ్గించను. కానీ గుడి మెట్లెక్కే హక్కు కోసం మంటల్లో దూకి యోగ్యత రుజువు చేసుకోవాలా? శాస్త్రిగారి జ్ఞానోదయానికి బిల్లు కట్టింది హరిజనుడు.

విశ్వనాథ్ "సప్తపది" (1981) లో లెక్క తిరగబడింది. జె.వి. సోమయాజులు వేసిన యాజులుగారిని ఎవరూ మంటల్లోంచి రక్షించరు. ఆచారమే ప్రాణంగా బతికిన ఆ పెద్దాయన, తన మనవడికే కట్టబెట్టిన మనవరాలిని, ఆమె ప్రేమించిన హరిజన యువకుడి వెంట తనే పంపుతాడు. పోగొట్టుకున్నదంతా ఆయనదే.

ఈ తూకంలో వేస్తే "త్రీ బిల్‌బోర్డ్స్" (2017) తేలిపోతుంది. అందులో డిక్సన్ అనే పోలీసు నల్లజాతి మనిషిని లాకప్పులో హింసించాడని వింటాం. సినిమా రెండో సగమంతా అతన్ని బాగుచేసే ప్రయత్నమే. ఆ పాత్రకి శామ్ రాక్‌వెల్ ఆస్కార్ అందుకున్నాడు. దెబ్బలు తిన్న మనిషి మాత్రం తెరమీద ఒక్కసారీ కనిపించడు! అతనికి క్షమాపణ చెప్పేవాళ్ళూ లేరు.

ఇక మన ఇంటి గాయం. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేత బారులో ఆడమ్ ప్యూరింటన్ "మా దేశం వదిలి పొండి" అని అరిచి, హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపాడు. ఆలోక్ మాడసాని గాయపడ్డాడు. హంతకుడికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది. రేపు ఎవరైనా ఈ కథ సినిమాగా తీస్తే, జైల్లో అతను కుమిలిపోయే సీను పెట్టాలన్న ఆశ దర్శకుడికి తప్పక కలుగుతుంది. పెట్టుకోనివ్వండి, మనుషులు మారరని నేననను. అయితే ఆ సీను కోసం శ్రీనివాస్ భార్య సునయనని జైలుకి నడిపించి, "క్షమించాను" అని ఆమె చేత అనిపించకూడదు. క్షమించడం, మానడం ఆమె ఇష్టం, కథకుడి అవసరం కాదు.

పైగా మంచి తెల్లవాడు ఒకడు ఉంటే బాగుండునని హంతకుణ్ణే మార్చే అవసరమూ లేదు. తుపాకీకి అడ్డుపడి తూటా తిన్న ఇయన్ గ్రిల్లట్ ఆ బార్లోనే ఉన్నాడు. అతను ఇల్లు కొనుక్కోవడానికి హ్యూస్టన్‌లోని ఇండియా హౌస్ తరఫున భారతీయులు లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. ఆ కథ తీసేవాళ్ళెవరైనా ఉంటే, మొదటి ఆట టికెట్టు నాకొకటి అట్టేపెట్టండి.