మలేరియా పరిశోధనలో హుసేన్ ఖాన్ ఋణం

చలిజ్వరం మానవజాతికి అతి ప్రాచీన శత్రువు. చిత్తడి నేలల నుండి లేచే చెడుగాలియే దీనికి మూలమని వైద్యులు శతాబ్దాల తరబడి విశ్వసించారు. ఇటాలియన్ భాషలో చెడుగాలి అనే అర్థంగల మాట నుండియే మలేరియా అనే పేరు పుట్టింది. ఆ నమ్మకాన్ని కదిలించిన పరిశోధన 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో, బేగంపేటలోని సైనిక వైద్యశాలలో జరిగింది. ఆ పరిశోధన చేసిన రోనాల్డ్ రాస్ పేరు పాఠశాల విద్యార్థికి సైతం తెలుసు. అందుకు తన నెత్తురునిచ్చిన హుసేన్ ఖాన్ పేరు తెలిసినవారు మాత్రం అరుదు. వైద్యశాస్త్ర చరిత్రను న్యాయంగా చదవాలంటే ఈ రెండు పేర్లనూ కలిపి చదవవలసి ఉంటుంది.

మందు ముందు, కారణం తరువాత

ఈ జ్వరానికి మందు ముందుగా దొరికి, కారణం చాలా ఆలస్యంగా తెలియడం ఒక వింత. దక్షిణ అమెరికాలోని సింకోనా చెట్టు బెరడు 17వ శతాబ్దంలోనే ఐరోపాకు చేరింది. 1820లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఆ బెరడు నుండి క్వినైన్‌ను వేరుచేశారు. అయితే రోగం ఎలా అంటుతుందో తెలియనంతవరకు జ్వరం వచ్చిన తరువాత మందు మింగించడమే తప్ప, రాకుండా ఆపే నిశ్చయమైన మార్గం లేకపోయింది.

1880లో అల్జీరియాలోని కాన్‌స్టంటీన్ పట్టణంలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగుల రక్తంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. అది ఒక మనిషి నుండి మరొక మనిషికి ఏ దారిన పోతుందన్నది అప్పటికీ ప్రశ్నగానే మిగిలింది. అంతకు ముందే, 1877లో, చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు బోదకాలు క్రిములున్న తన తోటమాలి రక్తాన్ని దోమలచేత పీల్పించి, ఆ క్రిములు దోమ శరీరంలో పెరుగుతాయని చూపాడు. మలేరియాకు కూడా దోమే వాహనం కావచ్చునని ఊహించిన మాన్సన్, 1894లో లండన్‌లో రాస్‌ను కలిసినప్పుడు ఆ ఊహను అతనికి అప్పగించాడు.

సికింద్రాబాద్ ప్రయోగాలు

1895లో రాస్ సికింద్రాబాద్‌లోని 19వ మద్రాసు పదాతి దళానికి వైద్యుడుగా వచ్చాడు. అతనికి కావలసినది రక్తంలో నెలవంక ఆకారపు పరాన్నజీవులున్న రోగి. దోమకు రోగాన్ని అందించేవి ఆ రూపాలే. వాటిని క్వినైన్ చంపలేదు. అందువల్ల జ్వరం తగ్గి లేచి తిరుగుతున్న మనిషి సైతం దోమలకు రోగాన్ని ఇవ్వగలడు. అట్టి రోగులలో అబ్దుల్ ఖాదిర్ ఒకడు. అతనిని దోమతెర లోపల పడుకోబెట్టి, దోమలను లోపలికి వదిలి కుట్టించారు.

మాన్సన్ ఊహలో ఒక పొరపాటు ఉండేది. దోమ నీటిలో చచ్చిపోగా, ఆ నీరు త్రాగినవారికి రోగం వస్తుందని అతడు భావించాడు. దానిని పరీక్షించడానికి రాస్, రోగి రక్తం త్రాగిన దోమలు చచ్చిన నీటిని లచ్‌మన్ అనే ఆరోగ్యవంతునిచేత త్రాగించాడు. లచ్‌మన్‌కు కొద్దిపాటి జ్వరం వచ్చి తగ్గిపోయింది. అది మలేరియా అని రుజువు కాలేదు. ఆ నీటివల్ల ప్రాణాపాయం కలుగదని ముందుగా చెప్పగలవారు ఆనాడు ఎవరూ లేరన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

మధ్యలో బెంగుళూరులో కలరా పనిమీద ఉండి, 1897లో రాస్ తిరిగి సికింద్రాబాద్ చేరాడు. అంతవరకు అతడు కోసి చూసినవన్నీ మలేరియాను మోయని జాతుల దోమలు. ఆ వేసవిలో పిల్లదశ నుండి పెంచిన దోమలను హుసేన్ ఖాన్ అనే రోగిచేత కుట్టించుకున్నారు. నెత్తురు త్రాగిన ఒక్కొక్క దోమకు ఒక అణా కూలి. ఒకసారి ఆ కూలి ఎనిమిది అణాలు, అంటే అర్ధరూపాయి అయింది. ఆగస్టు 16న రెక్కలపై మచ్చలున్న మరొక జాతి దోమలను అతనిచేతనే కుట్టించుకున్నారు. అవి అనాఫిలిస్ జాతివని తరువాత తేలింది.

ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమలలో ఒకదానిని కోసి సూక్ష్మదర్శిని క్రింద చూసిన రాస్‌కు, దాని జీర్ణకోశపు గోడలో నల్లని రంగు రేణువులుగల గుండ్రని కణాలు కనిపించాయి. మలేరియా రోగుల రక్తంలోని పరాన్నజీవులలో ఉండే రేణువులూ అవే. మరునాడు కోసిన దోమలో ఆ కణాలు మరింత పెద్దవిగా ఉన్నాయి. అంటే మనిషి నుండి దోమకు వెళ్ళిన పరాన్నజీవి అక్కడ బ్రతికి పెరుగుతున్నది. ఈ ఫలితం అదే సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది.

కలకత్తా పాఠం

సెప్టెంబరులో రాస్‌ను అక్కడినుండి బదిలీ చేసి, రాజపుటానాలోని ఖేర్వాడాకు పంపారు. 1898లో కలకత్తాలో పరిశోధనకు అవకాశం దొరికేనాటికి పరిస్థితి మారిపోయింది. ప్లేగు వ్యాపించి, ప్లేగు టీకా గురించి వదంతులు లేచి, సూది పట్టుకున్న వైద్యుణ్ణి చూస్తేనే జనం భయపడసాగారు. వ్రేలినుండి ఒక చుక్క రక్తమివ్వడానికి కూడా రోగులు అంగీకరించలేదు. రాస్ పక్షుల మలేరియావైపు మరలవలసి వచ్చింది. ముహమ్మద్ బఖ్ష్ అనే సహాయకుని తోడ్పాటుతో అతడు ఆ పని సాగించి, జులై నెలలో పరాన్నజీవులు దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో ఆరోగ్యవంతమైన పక్షికి సంక్రమిస్తాయని నిరూపించాడు. ఆ ప్రయోగశాల ముందు తీసిన చాయాచిత్రంలో రాస్ దంపతులతోపాటు ముహమ్మద్ బఖ్ష్ కూడా ఉన్నాడు.

ప్రజల నమ్మకం లేనిచోట ఎంత గొప్ప పరిశోధన అయినా నిలిచిపోతుందనడానికి కలకత్తా అనుభవమే సాక్ష్యం. బేగంపేటలో హుసేన్ ఖాన్ చాచిన చేయి కలకత్తాలో దొరకలేదు.

అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ, బిగ్నామీ, బాస్టియానెల్లి మానవులలో మలేరియాను వ్యాపింపజేసేది అనాఫిలిస్ దోమయేనని రుజువు చేశారు. 1900లో సాంబన్, లో అనే వైద్యులు రోము సమీపంలోని మలేరియా ప్రాంతంలో జాలీ బిగించిన కుటీరంలో నివసించారు. ప్రొద్దుగూకింది మొదలు తెల్లవారేవరకు బయటికి రాలేదు. క్వినైన్ ముట్టలేదు. అయినా వారికి జ్వరం రాలేదు. గాలి అందరికీ ఒకటే, తేడా దోమకాటులోనే ఉన్నది. చెడుగాలి సిద్ధాంతం అంతటితో అంతరించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది.

ఋణం ఎవరిది?

రాస్ హుసేన్ ఖాన్ పేరునుగాని, ఇచ్చిన అణాలనుగాని దాచలేదు. ఆనాటి పద్ధతి ప్రకారం అది న్యాయమైన కూలియే. కాని కూలి వేరు, సమ్మతి వేరు. తన దేహంతో ఏమి చేయబోతున్నారో, దానివల్ల ఏ అపాయం కలుగవచ్చునో తెలిసి, కాదనే స్వేచ్ఛ ఉండి ఒప్పుకున్నదే సమ్మతి. వలస పాలనలోని సైనిక వైద్యశాలలో ఒక రోగికి ఆ స్వేచ్ఛ ఎంతపాటిదో ఊహించడం కష్టం కాదు.

లోకం ఈ తేడాను గుర్తించడానికి అర్ధశతాబ్దం పట్టింది. నాజీ వైద్యుల దుర్మార్గాలపై విచారణ తరువాత 1947లో న్యూరెంబర్గ్ నియమావళి, 1964లో హెల్సింకీ ప్రకటన వచ్చాయి. భారతదేశంలో 2019 నాటి నియమాల ప్రకారం మందుల పరీక్షలకు నైతిక సంఘం ఆమోదం, పాల్గొనేవారి లిఖితపూర్వక సమ్మతి, హాని జరిగితే పరిహారం తప్పనిసరి. చదువురాని వ్యక్తి అయితే నిష్పక్షపాతియైన సాక్షి ఎదుట వివరించాలి. అప్పును వ్రాసుకొని సాక్షులను పెట్టుకోవాలన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని ఎరిగిన ముస్లిం పాఠకునికి ఇది పరిచితమైన మాటే. ధనం విషయంలోనే సాక్షి అవసరమైతే, అల్లాహ్ అమానత్ అయిన దేహం విషయంలో ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

2021లోను, 2023లోను ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు రెండు మలేరియా టీకాలను సిఫారసు చేసింది. మొదటి టీకా శక్తిని తొలిదశలో పరీక్షించినప్పుడు, ఆరోగ్యవంతులైన వ్యక్తులు తెలిసి, ఒప్పుకొని, పరాన్నజీవిగల దోమలచేత కుట్టించుకున్నారు. జ్వరం వచ్చినవారికి వెంటనే చికిత్స చేశారు. హుసేన్ ఖాన్ తన రోగాన్ని దోమకు ఇచ్చాడు, వీరు దోమనుండి రోగాన్ని తీసుకున్నారు. చాచిన చేయి ఒకటే. ఆ చేతికి గల హక్కులు మాత్రం మారాయి. ఆ హక్కులను కాగితంపైనే గాక ప్రతి వైద్యశాలలోను కాపాడగలిగిననాడే హుసేన్ ఖాన్ ఋణం కొంతైనా తీరుతుంది.