ఇంటి బాయిలర్ థర్మోస్టాట్: నియంత్రణ చరిత్ర, లోపాల చరిత్ర

లక్ష్యాలు
ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• థర్మోస్టాట్ పరిణామంలోని ప్రధాన దశలను వివరించగలరు.
• ఒక్కో దశలో తలెత్తిన లోపాలకు కారణాలు చెప్పగలరు.
• లోపాన్ని వెతికే క్రమాన్ని ఆ చరిత్రతో అన్వయించగలరు.

1. పరిచయం
బ్రిటన్‌లోనూ, చలి ఎక్కువగా ఉండే ఇతర దేశాల్లోనూ చాలా ఇళ్లను వెచ్చబరిచేది బాయిలర్. అది వేడిచేసిన నీరు గొట్టాల ద్వారా గదుల్లోని రేడియేటర్లకు చేరి, వేడిని వదిలి తిరిగి వస్తుంది. మనకు ఈ ఏర్పాటుతో పని లేకపోయినా, అందులోని థర్మోస్టాట్ కొత్తది కాదు. ఇస్త్రీ పెట్టె వేడెక్కగానే టిక్కుమని ఆగి, చల్లారగానే మళ్లీ అందుకోవడం మీరు చూసే ఉంటారు. సూత్రం అదే.

సాంకేతిక చరిత్రను ఆవిష్కర్తల పేర్ల వరుసగా చెప్పడం పరిపాటి. ఇక్కడ మనం వేరే ప్రశ్న వేసుకుందాం. మంటను కనిపెట్టుకొని ఉండే పని ఎవరిది? ఆ పనిని యంత్రానికి అప్పగించినప్పుడు ఎలాంటి కొత్త చిక్కులు వచ్చాయి?

2. తొలి ప్రయత్నాలు
17వ శతాబ్ది తొలినాళ్లలో ఇంగ్లండులో పనిచేసిన డచ్చి దేశస్థుడు కోర్నెలిస్ డ్రెబెల్, గుడ్లు పొదిగించే పొయ్యికి ఒక నియంత్రణ సాధనం అమర్చాడు. వేడికి ఆల్కహాలు వ్యాకోచించి పాదరసాన్ని నెట్టేది. ఆ కదలిక పొయ్యి గాలి మార్గాన్ని మూసేది. 18వ శతాబ్ది చివర్లో ఫ్రాన్సులో బొన్మెయిన్ రెండు లోహాలు వేర్వేరు మోతాదుల్లో వ్యాకోచించే గుణాన్ని వేడినీటి బాయిలర్‌కు ఉపయోగించాడు. అదీ కోడిపిల్లలను పొదిగించడానికే. 1830లో స్కాట్లండ్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆండ్రూ ఊర్ ద్విలోహ పట్టీతో పనిచేసే సాధనానికి పేటెంటు పొంది, దానికి ‘థర్మోస్టాట్’ అని పేరు పెట్టాడు. ఆయన దృష్టి మిల్లుల మీద ఉంది. అంటే కోళ్లకూ కర్మాగారాలకూ దొరికిన ఈ సౌకర్యం ఇళ్లకు చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

3. పాఠశాల నుంచి ఇంటికి
అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ నార్మల్ స్కూల్ ఆచార్యుడు వారెన్ జాన్సన్. ఆ కళాశాలలో గదుల వేడి చూడడానికి పనివాడు తరగతి జరుగుతుండగా ఒక్కో గదిలోకి వచ్చి, మళ్లీ నేలమాళిగకు దిగి డాంపర్లు సరిచేయాల్సి వచ్చేది. జాన్సన్ 1883లో పేటెంటు పొందిన విద్యుత్ సాధనం గది స్థితిని కిందికి తెలియజేసేది. డాంపర్ తిప్పేది మాత్రం ఆ పనివాడే.

1886లో మిన్నియాపోలిస్‌లో ఆల్బర్ట్ బుట్జ్ పేటెంటు పొందిన సాధనం ఒక అడుగు ముందుకు వేసింది. గది చల్లబడగానే విద్యుత్ వలయం పూర్తయ్యేది. మోటారు కదిలి, గొలుసు ద్వారా బొగ్గు కొలిమి డాంపర్‌ను తెరిచేది. ఈ తేడాను గమనించండి: జాన్సన్ సాధనం కబురు చెప్పింది, బుట్జ్ సాధనం పని కూడా చేసింది. మనిషి పక్కకు తప్పుకోవడంతో, గొలుసులో ఎక్కడ తెగినా వెంటనే పట్టుకొనే కన్ను కూడా తప్పుకుంది.

4. గుండ్రని థర్మోస్టాట్
1953లో హెన్రీ డ్రైఫస్ రూపకల్పనలో హనీవెల్ సంస్థ గుండ్రని థర్మోస్టాట్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఇలాంటి సాధనాల్లో ద్విలోహ చుట్ట విప్పుకొని ముడుచుకొంటూ, పాదరసం ఉన్న చిన్న గాజు గొట్టాన్ని వంచుతుంది. పాదరసం ఒరిగి వలయాన్ని కలుపుతుంది. స్పర్శ బిందువులు గాజులో మూసి ఉన్నందున దుమ్ము సమస్య తగ్గింది. కానీ గొట్టం వంపే ఇక్కడ కొలమానం కాబట్టి, థర్మోస్టాట్‌ను గోడకు సమంగా బిగించకపోతే చూపే అంకెకూ గది వేడికీ పొంతన ఉండదు. పాత చిక్కు పోయి కొత్త చిక్కు వచ్చింది. పాదరసం విషపూరితం కావడంతో ఎలక్ట్రానిక్ సాధనాలు దాని స్థానాన్ని ఆక్రమించాయి. వాటిలో వంపు సమస్య లేదు. బ్యాటరీ అయిపోవడం ఉంది.

5. లోపాన్ని వెతికే క్రమం
పై చరిత్రలో నాలుగు పనులు కనిపిస్తాయి: వేడిని గ్రహించడం, కబురు పంపడం, కదిలించడం, మంట. లోపాన్ని వెతకడం కూడా ఈ వరుసలోనే సాగాలి.

అ) గ్రహించడం: రేడియేటర్ పక్కనో, ఎండ తగిలే చోటో ఉన్న థర్మోస్టాట్ తన చుట్టూ ఉన్న గాలినే కొలుస్తుంది. గదంతా చల్లగా ఉన్నా సరిపోయిందని అనుకొంటుంది.
ఆ) కబురు: అంకెను గది వేడి కంటే బాగా పెంచి చూడాలి. స్పందన లేకపోతే బ్యాటరీ, టైమరు చూడాలి.
ఇ) కదిలించడం: థర్మోస్టాట్ అడిగినా బాయిలర్ కదలకపోతే తీగలు, కవాటం, పంపు అనుమానించాలి. అంకె తగ్గించినా రేడియేటర్లు వేడెక్కుతూనే ఉంటే కవాటమో స్పర్శ బిందువులో అతుక్కుపోయి ఉండవచ్చు.
ఈ) మంట: బాయిలర్‌లో నీటి వేడిని చూసే మరో థర్మోస్టాట్ ఉంటుంది. నీరు సరిగా ప్రవహించకపోతే అది త్వరగా వేడెక్కి, గది ఇంకా చల్లగా ఉండగానే మంటను ఆపుతుంది. బాయిలర్ మాటిమాటికీ ఆగి వెలగడానికి ఇదొక కారణం. రెండు థర్మోస్టాట్ల తేడా తెలియకపోతే గోడ మీది మంచి సాధనాన్ని వృథాగా మారుస్తారు.

అతి వేడి వల్ల భద్రతా స్విచ్ పడిపోతే దాన్ని పదేపదే నొక్కకూడదు. అది లోపం కాదు, హెచ్చరిక. గ్యాసు బాయిలర్ మూత తెరవడం ఇంటివారి పని కాదు. మంట సరిగా మండకపోతే వాసన లేని, ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. అందుకే బ్రిటన్‌లో ఈ పనిని గ్యాస్ సేఫ్ నమోదు ఉన్నవారే చేయాలి.

6. గోడ నుంచి ప్రభుత్వ విధానానికి
1973 చమురు సంక్షోభం తరువాత థర్మోస్టాట్ అంకె ఇంటి విషయంగా మాత్రమే మిగలలేదు. 1977 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, పగలు 65, రాత్రి 55 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద ఉంచమని ప్రజలను కోరాడు. 2018 నుంచి ఇంగ్లండులో కొత్త గ్యాసు బాయిలర్ పెట్టేటప్పుడు సమయ, ఉష్ణోగ్రత నియంత్రణలు ఉండాలన్న నియమం అమల్లోకి వచ్చింది.

సారాంశం
థర్మోస్టాట్ మనిషి కాపలా పనిని తనపై వేసుకొంది. ప్రతి కొత్త రూపం ఒక లోపాన్ని తొలగించి మరొకదాన్ని తెచ్చింది. ఏ పని ఏ భాగానికి అప్పగించారో తెలిస్తే, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. జాన్సన్, బుట్జ్ సాధనాల మధ్య తేడా ఏమిటి?
2. పాదరసపు థర్మోస్టాట్‌ను సమంగా బిగించకపోతే ఏమవుతుంది?
3. గది చల్లగా ఉండగానే బాయిలర్ ఆగిపోవడానికి కారణాలను చర్చించండి.