పెన్నేరుగడ్డ: విశ్వాసమునుండి పరీక్షకు



నా బాల్యమున మా నాయనమ్మ, నిద్రపట్టని వారికి పెన్నేరుగడ్డ చూర్ణమును పాలలో మరగించి యిచ్చుచుండెడిది. అది యెట్లు పనిచేయునని నేనడుగగా, "పెద్దలు చెప్పిరి నాయనా" యనెడిది. నాడు తీరని యా సందేహమే నేటి నా ప్రసంగమునకు మూలము.

పెన్నేరునే సంస్కృతమున అశ్వగంధ యందురు. చరకసంహిత దీనిని బలమొసగు నోషధులలో జేర్చినది. అయినను, ఒత్తిడి దేహమునేమి చేయునో తెలిసినగాని మందును పరీక్షింప వీలులేదు. 1936లో మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యె యను శాస్త్రజ్ఞుడు, చలి, గాయము, అతిశ్రమ — వీనిలో నేది కలిగినను ఎలుకల దేహములందు ఒకే విధమగు మార్పులు కలుగునని ప్రకటించెను. మూత్రపిండములపై టోపీలవలె నుండు అధివృక్కగ్రంథులు పెరిగెను. జీర్ణకోశమున పుండ్లు పడెను. మనుష్యులలో నీ గ్రంథులనుండి పుట్టు కార్టిసాల్ అను హార్మోను ఆపత్కాలమున మనలను గాచును. చిరకాలము హెచ్చియున్నచో హాని చేయును.

1947లో లాజరెవ్ అను సోవియట్ శాస్త్రజ్ఞుడు, ఒత్తిడిని తట్టుకొను శక్తినిచ్చు ద్రవ్యములకు అడాప్టోజెన్ అని పేరిడెను. పిమ్మట బ్రెఖ్‌మన్ వ్లాదివోస్తోక్ నగరమున జిన్‌సెంగ్ మున్నగు మూలికలను పరిశోధించెను.

పెన్నేరు వంతు మన హైదరాబాదున వచ్చినది. 2012లో ప్రకటితమైన పరీక్షలో, ఒత్తిడిచే బాధపడుచున్న 64 మందిని రెండు వర్గములు చేసిరి. ఒకరికి వేరు సారము 300 మిల్లీగ్రాముల వంతున దినమునకు రెండుమార్లు, వేరొకరికి చూపునకట్లేయుండు వట్టి మాత్ర, 60 దినములిచ్చిరి. ఎవరిదేదో రోగికిని వైద్యునికిని తెలియనీయలేదు. సారము సేవించినవారి రక్తమున కార్టిసాల్ స్పష్టముగా తగ్గెను.

ఇది శుభవార్తయే; కాని 64 మంది లోకమంతయు కాదు, 60 దినములు జీవితకాలమును కావు. అడాప్టోజెన్ అను భావనకు ఆధారములు చాలవని ఐరోపా ఔషధసంస్థ 2008లో పేర్కొనెను. అశ్వగంధ సేవించిన కొందరికి కాలేయము చెడినదని 2020లో వైద్యులు వెల్లడించిరి. మా యూర నొక పెద్దమనిషి రక్తపుపోటు మాత్రలు మాని యీ చూర్ణమునే నమ్మి, పక్షవాతమున మంచము పట్టెను. ఆ తప్పు మూలికది కాదు, మితిమీరిన నమ్మకముది.

నాయనమ్మ నేడుండినచో నిట్లు విన్నవింతును: "పెద్దలు చెప్పినది పరీక్షకు యోగ్యమే, పరీక్ష యింకను ముగియలేదు." మీరును వైద్యునడిగియే సేవింపుడు, వాడుచున్న మందులను మానకుడు.