ప్లాటియా యుద్ధం (క్రీ.పూ. 479)

క్రీ.పూ. 479 వేసవిలో బియోషియా ప్రాంతంలోని ప్లాటియా అనే చిన్న పట్టణం దగ్గర గ్రీకు నగర రాజ్యాల కూటమికీ, పారశీక సామ్రాజ్య సేనకూ జరిగిన పోరు ప్లాటియా యుద్ధం. గ్రీసు ప్రధాన భూభాగం మీద పారశీక దండయాత్ర దీనితో ముగిసింది. అయినా ఓడిపోయిన థెర్మోపిలేకూ, సముద్రం మీద గెలిచిన సలామిస్‌కూ వచ్చినంత పేరు దీనికి రాలేదు. చెప్పుకోదగ్గ వ్యూహమేదీ ఇందులో లేకపోవడమే కారణం కావచ్చు. పది రోజులకు పైగా తిండికీ నీళ్లకూ అవస్థపడి, రాత్రివేళ వెనక్కి తగ్గబోయి చెల్లాచెదురైన సైన్యం మర్నాడు పగలు గెలిచింది. ఈ యుద్ధం గురించి తెలిసినదాంట్లో అధికభాగం కొన్ని దశాబ్దాల తర్వాత హెరొడోటస్ రాసిందే.

సలామిస్‌లో నౌకాదళం దెబ్బతిన్నాక జెర్క్సీస్ చక్రవర్తి ఆసియాకు తిరిగి వెళ్తూ, ఏరికోరిన సైన్యంతో మార్డోనియస్‌ను గ్రీసులో ఉంచాడు. మార్డోనియస్ చక్రవర్తికి మేనత్త కొడుకు, పైగా ఆయన సోదరిని పెళ్లాడినవాడు. ఎటు చూసినా బావ వరసే. గ్రీసు మీదికి వెళ్దామని మొదటినుంచీ పోరిందీ అతనే. థెస్సలీలో చలికాలం గడిపి, మాసిడోనియా రాజు మొదటి అలెగ్జాండర్ చేత ఏథెన్స్‌కు సంధి కబురు పంపాడు. ఏథెన్స్ ఒప్పుకోలేదు. దాంతో దక్షిణానికి దిగి, జనం ఖాళీ చేసి వెళ్లిన ఆ నగరాన్ని రెండోసారి ఆక్రమించాడు. సలామిస్ దీవిలో తలదాచుకున్న ఏథెన్స్ వాళ్లకు మళ్లీ రాయబారం పంపితే, విని చూద్దామన్న పాపానికి లిసిడాస్ అనే సభాసభ్యుణ్ణి సొంత జనమే రాళ్లతో కొట్టి చంపారు.

ఈలోగా స్పార్టా పండగ చేసుకుంటోంది. దక్షిణ గ్రీసుకు దారి అయిన కొరింత్ భూసంధి మీద గోడ దాదాపు పూర్తయింది కాబట్టి ఉత్తరాన ఎవరేమైతే తమకేమిటన్న ధోరణి కనిపించింది. సాయం కోరుతూ వచ్చిన ఏథెన్స్ దూతలను అక్కడి అధికారులు రేపు, రేపు అంటూ పది రోజులు తిప్పారు. ఏథెన్స్ ఓడలు శత్రువు పక్షాన చేరితే మీ గోడ దేనికి పనికొస్తుందని టెజియా వాడైన చిలియస్ అడిగాక కళ్లు తెరిచారు. ఆ రాత్రే 5,000 మంది పౌర సైనికులు బయల్దేరారు. ఒక్కొక్కరి వెంట ఏడుగురు చొప్పున హెలట్లు, అంటే స్పార్టా భూములకు కట్టుబడిన దాస రైతులు, నడిచారు. తెల్లారి దూతలు కోపంగా వీడ్కోలు చెప్పడానికి వస్తే, సైన్యం అప్పటికే పొలిమేర దాటి ఉంటుందన్న జవాబు వచ్చింది. నాయకుడు పౌసానియాస్. థెర్మోపిలేలో చనిపోయిన లియోనిడాస్‌కు సోదరుడి కొడుకు. లియోనిడాస్ కొడుకు చిన్నపిల్లవాడు కావడంతో అతని తరఫున రాజ్యం చూస్తున్నవాడు.

మార్డోనియస్ తనకు అనుకూలమైన థీబ్స్ వైపు మళ్లి అసోపస్ నది పక్కన కొయ్య కోట కట్టించాడు. అది గుర్రాలకు వీలైన మైదానం. గ్రీకులు సిథేరాన్ కొండ వాలులోనే ఆగారు. హెరొడోటస్ లెక్క ప్రకారం గ్రీకుల భారీ పదాతి 38,700, అందరూ కలిపి లక్షా పదివేలు. పారశీకులు మూడు లక్షలు, వాళ్ల వైపు గ్రీకులు మరో 50,000. శత్రువుల సంఖ్యను నేటి చరిత్రకారులు ఒప్పుకోరు. అంతమందికి అక్కడ తిండి ఎలా సమకూరుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. పారశీకుల వరుసల్లో సామ్రాజ్యపు తూర్పు అంచు నుంచి, సింధు ప్రాంతం నుంచి వచ్చిన భారతీయులూ ఉన్నారు. నూలు బట్టలు కట్టి, వెదురు విల్లులూ ఇనుప ములుకుల బాణాలూ పట్టిన ఈ దళం ఎరెట్రియా, కాల్సిస్ తదితర నగరాల వాళ్లకు ఎదురుగా నిలబడింది.

మొదటి దెబ్బ పారశీక ఆశ్వికదళానిది. మెగారా వాళ్ల మీద విరుచుకుపడిన ఆ దళాన్ని 300 మంది ఏథెన్స్ యోధులు, విలుకాండ్లు ఎదుర్కొన్నారు. దళపతి మాసిస్టియస్ గుర్రానికి బాణం తగిలి అతను కింద పడ్డాడు. ఎన్ని పోట్లు పొడిచినా దిగలేదు. ఊదా చొక్కా కింద బంగారు పొలుసుల కవచం ఉంది మరి. చివరికి కంట్లో పొడిచి చంపారు. అతని శవాన్ని బండి మీద పెట్టి గ్రీకు వరుసల ముందు తిప్పారు. పారశీకులు శోకంతో తమ జుట్టే కాదు, గుర్రాల జూలు కూడా కత్తిరించుకున్నారు.

ఆ ఉత్సాహంతో గ్రీకులు కిందికి దిగి గార్గాఫియా ఊట దగ్గర మకాం వేశారు. తర్వాత రోజుల తరబడి ఎవరూ కదల్లేదు. ఇరుపక్షాల శకునగాళ్లు బలి పశువుల పేగులు చూసి ఒకే మాట చెప్పారు: ఉన్నచోట కాచుకుంటే శుభం, నది దాటితే అశుభం. శకునాల మాట ఎలా ఉన్నా యుద్ధరీత్యా అది సరైన సలహానే. మైదానంలోకి వస్తే గుర్రాలు గ్రీకులను తొక్కేస్తాయి, వాలు ఎక్కితే ఈటెలు పారశీకులను నిలిపేస్తాయి. ఓపిక మీద నడిచే ఈ పోరులో పైచేయి మార్డోనియస్‌దే. అతని రౌతులు కొండ కనుమలో 500 బరువు మోసే పశువులతో వస్తున్న ఆహారాన్ని పట్టుకున్నారు. నది దరికి రాకుండా బాణాలు కురిపించారు. చివరికి గార్గాఫియా ఊటను పాడుచేసి పూడ్చేశారు. థీబ్స్‌కు తగ్గి, గ్రీకు పెద్దలకు బంగారం పంచితే పని అయిపోతుందని అర్టబాజస్ అనే మరో సేనాని చెప్పాడు. నాకు అది తెలివైన మాటే అనిపిస్తుంది. మార్డోనియస్ వినలేదు.

నీళ్లు లేని గ్రీకులు రాత్రికి రాత్రి ప్లాటియా దగ్గరి చోటికి తగ్గాలనుకున్నారు. అంతా తారుమారైంది. మధ్య దళాలు అనుకున్న చోటు వదిలి పట్టణం ముందున్న హీరా గుడి దాకా పోయాయి. స్పార్టా దళంలో అమోంఫారెటస్ అనే నాయకుడు పరాయివాళ్లకు వెన్ను చూపనని మొండికేశాడు. బతిమాలుతున్న పౌసానియాస్ కాళ్ల దగ్గర పెద్ద బండరాయి పడేసి, పారిపోవద్దని ఇదే నా ఓటు అన్నాడు. వాదన తెమిలేసరికి తెల్లారింది. పౌసానియాస్ విసిగి కదిలాక, అతనూ తన మనుషులతో నింపాదిగా వెనకే వచ్చాడు.

ఖాళీ శిబిరం చూసి మార్డోనియస్ పారిపోతున్నారనుకున్నాడు. సేనను నది దాటించి తరిమించాడు. ఏథెన్స్ వాళ్లు థీబ్స్ సేనతో తలపడి చిక్కుకోవడంతో స్పార్టా, టెజియా దళాలే పారశీకులకు ఎదురుపడ్డాయి. అల్లిక డాళ్లను దడిలా నిలిపి పారశీకులు బాణాలు కురిపించారు. శకునం కుదరలేదంటూ పౌసానియాస్ తన వాళ్లను కదలనివ్వలేదు. మనుషులు కూర్చున్నచోటే కూలుతున్నారు. అతను హీరా గుడి వైపు చూసి మొక్కుకుంటుండగానే టెజియా వాళ్లు ఆగలేక ముందుకురికారు. వెంటనే శకునమూ కుదిరింది. దడి కూలాక దొమ్మీ. పారశీకులు ధైర్యంలో తీసిపోలేదు, చేతులతో ఈటెలు పట్టి విరిచేశారని హెరొడోటస్ ఒప్పుకుంటాడు. వాళ్లకు లేనిది కవచం. తెల్ల గుర్రం మీద వెయ్యిమంది మేటి యోధుల మధ్య ఉన్న మార్డోనియస్ స్పార్టన్ అరిమ్నెస్టస్ చేతిలో చనిపోగానే సేన విరిగిపోయింది. అర్టబాజస్ పోరులో దిగకుండానే తన 40,000 మందితో దారిపట్టాడు. కొయ్య కోటలో దొరికినవాళ్లను దొరికినట్టే చంపారు.

చనిపోయినవాళ్లలో స్పార్టన్లు 91, టెజియా వాళ్లు 16, ఏథెన్స్ వాళ్లు 52 అని హెరొడోటస్ లెక్క. హెలట్లకు ఒక సమాధి ఉందంటాడు గానీ వాళ్ల సంఖ్య చెప్పడు. పోరులో లేని కొన్ని నగరాలు తర్వాత సిగ్గుపడి ఉత్త మట్టిదిబ్బలు సమాధులుగా పోసుకున్నాయనీ అంటాడు. దోచిన సొమ్ములో పదోవంతుతో డెల్ఫీలో మూడు పాములు పెనవేసుకున్న కంచు స్తంభం నిలిపారు. పౌసానియాస్ కానుక మీద తన పేరు చెక్కించుకుంటే స్పార్టా దాన్ని చెరిపించి నగరాల పేర్లు రాయించింది. పాము తలలు పోయిన ఆ స్తంభం ఇప్పుడు ఇస్తాంబుల్‌లోని పాత గుర్రప్పందేల మైదానంలో ఉంది. పౌసానియాస్ కొన్నేళ్లకు పారశీకులతో చేతులు కలిపాడన్న నింద మోసి, గుడిలో దాక్కుంటే అక్కడే ఆకలితో మాడ్చారు.

ఇక ప్లాటియా. ఏథెన్స్, స్పార్టాల మధ్య యుద్ధం వచ్చినప్పుడు ఏథెన్స్ పక్షాన నిలిచిన ఆ పట్టణం ముట్టడికి లొంగి క్రీ.పూ. 427లో స్పార్టా చేతికి చిక్కింది. ఈ యుద్ధంలో స్పార్టాకు ఏమైనా మేలు చేశారా అని ఒక్కొక్కరినీ అడిగి, లేదన్న 200 మందికి పైగా ప్లాటియా వాళ్లను చంపారు. పట్టణాన్ని నేలమట్టం చేసి, భూములను పదేళ్లకు కౌలుకిచ్చారు. కౌలుదార్లు థీబ్స్ వాళ్లు.