కవిలె మిగిలింది, కరణం లేడు: 1984 గ్రామాధికారుల రద్దు – ఒక పరిశీలన

సిబ్బందిని తగ్గించుకొనే సంస్థకు మొదట కనిపించేది జీతాల మిగులు. సమాచార విభాగానికి కలిగిన లోటు ఆలస్యంగా బయటపడుతుంది. కంప్యూటర్లు రాకముందే ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖలో ఈ సమస్య తలెత్తింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. మునసబులతో పాటు గ్రామ లెక్కలు రాసే కరణాలూ తొలగిపోయారు.

కడప ప్రాంతంలో కరణీకానికి దీర్ఘ చరిత్ర ఉంది. 1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత థామస్ మన్రో చేపట్టిన శిస్తు నిర్ణయానికి గ్రామ లెక్కలు అవసరమయ్యాయి. మెకంజీ సేకరణలోని కైఫియతులకు కరణాల కవిలెలు ముఖ్యాధారాలు. ఇడుపులపాయ వంటి కొండ పక్క గ్రామాల్లో ఏది మెట్ట, ఏది వంక పోరంబోకు, ఏ చేను ఏ అన్నదమ్ముల పంపకంలో ఎవరికి దక్కింది అన్న విషయాల్లో అడంగలుకు ఎక్కేది కొంతే. మిగిలినది కరణం జ్ఞాపకంలో ఉండేది.

రద్దుకు బలమైన కారణాలున్నాయి. గ్రామ సమాచారం తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉండటం వల్ల అది పెత్తనంగా మారింది. కరణం కలం కదిలితే పేదరైతు హక్కు తారుమారయ్యేది. వంశపారంపర్య నియామకం రాజ్యాంగ విరుద్ధమని గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. 1984 నాటి రద్దును కూడా 1985లో టి. వెంకటరెడ్డి కేసులో సమర్థించింది.

అయితే పదవిని రద్దు చేయడం వేరు, ఆ పదవిలో పోగుపడిన తెలివిడిని సంస్థపరం చేయడం వేరు. కవిలెలను జాబితా రాసి అప్పగించవచ్చు. జ్ఞాపకాన్ని అలా అప్పగించలేరు. పేరు మార్పిడి నమోదు కాకపోతే చనిపోయిన తాత పేరే పట్టాలో నిలిచిపోతుంది. మనుమడు సాగు చేస్తున్నా, బ్యాంకు అప్పుకు వెళ్లినప్పుడు ఆ భూమి అతనిది కాదు. అదే లెక్క కంప్యూటర్‌కు ఎక్కితే పాత దోషానికి కొత్త ప్రామాణ్యం వస్తుంది.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో సర్వేయరుకు, డిజిటల్ అసిస్టెంటుకు చోటు దొరికింది. 2020 డిసెంబరులో భూముల రీసర్వే ఆరంభమైంది. అదే ఏడాది తెలంగాణ గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేసింది. ఒకచోట గ్రామంలో మనిషిని నిలపడం, మరొకచోట తొలగించడం ఏకకాలంలో జరిగాయి. కరణం పెత్తనం పోవడం న్యాయమే. కానీ రికార్డును నేలతో సరిచూసే బాధ్యత కూడా దానితోనే పోతే, ఆ సంస్కరణ భారం చివరకు చిన్నరైతు మీదనే పడుతుంది.